చరణంలో రైలు

పోయిన నెల తిరుపతిలో ఒక పాట కచేరీకి మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకుపోయింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. పాడే పిల్ల బాగానే పాడుతోంది. ఆమె చరణం ఎత్తుకున్న కాసేపటికి ముందు వరసలో ఒక పెద్దమనిషి జేబులో ఫోను మోగింది. ఆయన లాల్చీకి ఉన్న జేబులన్నీ తడుముకుంటూ ఉంటే ఆ పిల్ల పాట ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఫోను ఊరుకునేదాకా కూర్చుంది. హాలంతా ఆయన్ని కొరకొరా చూసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంటే ఆగే నవ్వు కాదు. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లి, ఈ వయసులో నీకిదేం బుద్ధి అన్నట్టు చూసింది. ఇంటికి వచ్చేటప్పుడు కారణం అడిగింది. చెప్పాలంటే ఒక పూట పడుతుందన్నాను. పూట తీరిక ఎవరికీ లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది పాకాల దాటాక చిత్తూరు దోవలో చిన్న స్టేషను ఉన్న ఊరు. పేరు చెప్పను. ఆ స్టేషనులో ఒక సాయంత్రం జరిగిన పనికి ఇప్పుడైనా ఎవరైనా సంజాయిషీ అడుగుతారేమోనని నా భయం.

ఊరి చివర, రైలు పట్టాలకు ఆనుకొని ఒక పాత బెల్లం గోడౌను ఉండేది. బెల్లం వ్యాపారం చిత్తూరికి తరలిపోయాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఊళ్ళో పాట పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరి, బూజు దులిపి, సున్నం కొట్టి, ఒక పక్క చెక్కబల్లలు పరిచి అదే వేదిక అన్నారు. బయట ‘సంగీత సభ’ అని బోర్డు కూడా రాయించారు. ఊరు మాత్రం దాన్ని బెల్లం సభ అనే పిలిచింది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ కచేరీ. పాడేది చాలాసార్లు మా ఊరివాళ్ళే, వినేదీ మా ఊరివాళ్ళే. ఒక వారం పాడినవాడు ఇంకో వారం వినాలి గనక ఎవరూ ఎవరినీ తిట్టుకునేవారు కాదు.

ఎన్ని సార్లు సున్నం కొట్టినా గోడల్లోంచి బెల్లం వాసన పోలేదు. ఎండాకాలం వచ్చిందంటే నేల పాకం పాకంగా అయ్యేది. చాపలు నేలకు అంటుకునేవి, పంచెలు చాపలకు అంటుకునేవి. పాట నచ్చక మధ్యలో జారుకుందామనుకున్నవాళ్ళు కూడా లేవలేక చివరిదాకా కూర్చొని మంచి రసికులని పేరు తెచ్చుకునేవారు. ఇక చీమల సంగతి చెప్పనే అక్కరలేదు. ఒకసారి కార్వేటినగరం నుంచి వచ్చిన గాయకుడు ఉన్నట్టుండి గొంతును ఎక్కడికో ఎగరేసి మళ్ళీ కిందికి దించాడు. సభంతా ఆహా అంది. ఆ తర్వాత చాలాసేపు ఆయన ఒక చేత్తో తాళం వేస్తూ ఇంకో చేత్తో తొడ గోక్కుంటూ పాడాడు. అలాంటిది ఇంకొకటి వెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది, పాపం.

మాకు పాట నేర్పేది మా బడి అయివారే. పగలు ఎక్కాలు, సాయంత్రం సరళీ స్వరాలు, రెండింటికీ ఒకటే బెత్తం. కొట్టేవారు కాదు, బెత్తంతో తాళం వేసేవారు. కానీ ఎక్కాలప్పటి భయం మాకు సరళీ స్వరాల దాకా ఉండేది. సన్నటి మనిషి, తెల్ల పంచె, చెవుల మీద వెంట్రుకలు. పాట తప్పితే ఆయనకు ఇంకొక లోకం లేదు. పెళ్ళి కూడా మరిచిపోయాడని మా అవ్వ అనేది.

మృదంగం వాయించేది సైకిలు షాపు మామ. సాయిబుల వీధి మొదట్లో ఆయన షాపు. ఇంట్లో ఉర్దూలో పోట్లాడి వచ్చి మాతో తెలుగులో నవ్వేవాడు. చక్రం వంకర తీసే చిన్న సుత్తితోనే మృదంగం శ్రుతి చేసేవాడు. శనివారం సాయంత్రం ఆ షాపు ముందు సైకిళ్ళన్నీ గాలి లేకుండా పడి ఉండేవి. నా సైకిలు ఏమైందని అడగడానికి సభకు వచ్చినవాడు కూడా చాప మీద కూర్చొని, అంటుకొని, వినేవాడు. మా సభకు జనం అలా కూడా పెరిగారు.

సభ వ్యవహారమంతా చూసేది స్టేషను మాస్టరు. అరక్కోణం వైపు మనిషి, ప్రతి మాటకూ ముందు అరవంలో ‘ఆమా ఆమా’ అని ఔననేవాడు. ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేవాడు, ఒక చెవి పాటకు, ఒక చెవి స్టేషనుకు.

ఇక మా అవ్వ. కచేరీ అయ్యాక అందరికీ అలసంద గుగ్గిళ్ళు పెట్టేది ఆమే. వెనక గోడకు ఆనుకొని, ముందు కొబ్బరి కోరు పీట పెట్టుకొని, పాట వింటూ కోరేది. పాట బాగుంటే చేయి ఆడుతూనే ఉండేది, బాగోలేకపోతే చిప్ప పక్కన పెట్టేసేది. పాడినవాళ్ళు ఎవరి పొగడ్తా నమ్మేవారు కాదు. ఆకులో గుగ్గిళ్ళు చేతికొచ్చాక కొబ్బరి ఎంత ఉందో చూసుకొని, తమ పాట ఎలా ఉండిందో అర్థం చేసుకొని ఇంటికి పోయేవారు. ఒకసారి మా నాయన పాడితే ఒట్టి అలసందలు పెట్టింది. సొంత కొడుకని కూడా చూడలేదు.

ఇంత చెప్పి రైలు సంగతి చెప్పకుంటే ఎలా. గోడౌను కిటికీలకూ పట్టాలకూ మధ్య ఒక మేక పడుకునేంత చోటు కూడా లేదు. కాట్పాడి వైపు నుంచి సాయంత్రం ప్యాసింజరు వస్తే గోడలు కదిలేవి, చాపలు కదిలేవి, మా పళ్ళు కదిలేవి. కిటికీల్లోంచి బొగ్గు పొగ వచ్చి బెల్లం వాసనలో కలిసేది. మొదట్లో అది వచ్చినప్పుడల్లా ఎవరి పాట ఎక్కడుంటే అక్కడ విరిగిపోయి, మళ్ళీ ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక జగడాలు కూడా అయ్యేవట.

దానికి మా అయివారు ఒక ఉపాయం కనిపెట్టారు. వెనక స్టేషనులో రైలు బయలుదేరితే మా స్టేషనులో వేలాడదీసిన ఇనుప పట్టా ముక్క మీద పోర్టరు గంట కొట్టేవాడు. ఆ గంట వినబడగానే పాడుతున్నదాన్ని ముగించి, అయివారు ఒక కీర్తన ఎత్తుకునేవారు. కల్యాణి రాగం, తీరుబడి నడక. పల్లవి అయి, అనుపల్లవి అయి, చరణంలో రెండో పాదం చివర, గొంతు పై షడ్జమానికి ఎక్కబోయే ముందు, ఊపిరి తీసుకునే చోటు ఒకటుంది. రైలు సరిగ్గా అక్కడికి రావాలి. తొందరగా వస్తున్నట్టు కూత వినబడితే అయివారు నడక పెంచేవారు, నిదానంగా వస్తుంటే అనుపల్లవిని ఇంకో రెండు రకాలుగా తిప్పి పాడించేవారు. రైలు కిటికీ దగ్గరికి రాగానే ఎడమ అరచెయ్యి పైకెత్తేవారు. అంతే, అందరూ ఆగిపోవాలి.

ఆ సందులో సభ తన పనులన్నీ చక్కబెట్టుకునేది. పెద్దవాళ్ళు పొడుం డబ్బీలు తీసి పీల్చి, తుమ్ములన్నీ ఆ చప్పుడులోనే తుమ్మేసేవారు. సైకిలు మామ సుత్తి తీసి మృదంగాన్ని సవరించుకునేవాడు. ఆడవాళ్ళు చంటిబిడ్డలను ఈ ఒడి నుంచి ఆ ఒడికి మార్చుకునేవారు. మేము పావడాల్లో దాచుకున్న చెనక్కాయలు పటపటా ఒలిచేవాళ్ళం, ఎంత ఒలిచినా వినబడదు. తాళం వేసే చేతులు మాత్రం గాలిలో ఎక్కడివక్కడే. చివరి పెట్టెలో గార్డు మా వైపు పచ్చజెండా ఊపి పోయేవాడు. అయివారి అరచెయ్యి దిగేది. అందరం ఒక్కసారిగా పై షడ్జమం అందుకునేవాళ్ళం.

అది అనుకున్నంత సులువు కాదు. రైలు చప్పుడులో తంబురా వినబడదు. పాడబోయే స్వరాన్ని రైలంత పొడుగునా మనసులోనే పట్టుకొని కూర్చోవాలి. “నోరు మూసుకోండి, లోపల పాటను మాత్రం మూసుకోవద్దండి” అనేవారు అయివారు. మేము అలాగే నేర్చుకున్నాం. మాకది అడ్డంకి అని కూడా తెలియదు. ఆ కీర్తనే అంత, చరణంలో ఒక రైలు ఉంటుంది, అనుకున్నాం. రైలు లేకుండా ఆ పాటను మేమెన్నడూ వినలేదు.

అయివారికి జన్మలో ఒకటే కోరిక. తిరుపతిలో ఒక పెద్దాయన ఉండేవారు, మహా విద్వాంసుడు. వయసులో ఉన్నప్పుడు అయివారు తిరుచానూరులో ఆయన పాట విని, శిష్యుడిగా చేర్చుకొమ్మని అడగడానికి ఆయన ఇంటిదాకా పోయి, గుమ్మం ముందు చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కొని వచ్చేశారట. ధైర్యం చాలలేదు. అప్పటినుంచీ, ఆయన ఒక్కసారి మన బెల్లం సభలో కూర్చొని పాడితే చాలు అనేవారు. పాడతాడు లేప్పా, ముందు చీమలకి చెప్పి పెట్టు అని సైకిలు మామ ఏడిపించేవాడు.

ఒక ఏడు తిరుపతిలో ఒక సభవాళ్ళు చిన్నపిల్లలకు కలిసి పాడే పోటీ పెట్టారు. గెలిచిన పిల్లలది ఏ ఊరైతే ఆ ఊరికి పెద్దాయన స్వయంగా వచ్చి కచేరీ చేస్తారట. ఆ మాట విన్న రోజు అయివారు బడిలో మాకు ఎక్కాలు తప్పుగా చెప్పారు. మేము దిద్దితే కూడా వినిపించుకోలేదు. మరునాటినుంచి మా అరడజను మందికి పూటపూటా అదే కీర్తన. పొద్దున నోటి పాఠం, సాయంత్రం గంట కొట్టగానే అసలు పాట, రైలుతో సహా.

పోటీ రోజు సభంతా రైలెక్కింది. అవ్వ పులిహోర మూటలు కట్టింది. సైకిలు మామ మృదంగానికి కిటికీ పక్కన చోటు ఇచ్చి తాను నిలబడ్డాడు. పాకాలలో రైలు మారేటప్పుడు అయివారు మమ్మల్ని లెక్కబెట్టింది చాలక తంబురాను కూడా లెక్కబెట్టారు. తిరుపతి హాలులో పట్టు పావడాలు, నెత్తి నిండా మల్లెపూలు పెట్టుకున్న పిల్లలను చూసి మేము ఒకరి వెనక ఒకరం నక్కాం. మా పావడాల అంచులకు బెల్లం మరకలు. కానీ వేదికెక్కి తంబురా వినబడగానే భయం పోయింది.

పల్లవి చక్కగా వచ్చింది. అనుపల్లవికి వచ్చేసరికి తీర్పు చెప్పేవాళ్ళలో ఒకాయన తలాడించాడు. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. చరణం ఎత్తుకున్నాం. రెండో పాదం చివరికి వచ్చాం.

ఆగాం.

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. రైలూ లేదు, పట్టాలూ లేవు. అయినా అందరం ఒక్కసారిగా, నోళ్ళు మూసుకొని, తాళం వేసే చేతులు గాలిలో పెట్టి కూర్చున్నాం. సైకిలు మామ ఠక్కున సుత్తి తీసి మృదంగం మీద సుతారంగా కొట్టుకున్నాడు. కింద మా ఊరివాళ్ళు కూర్చున్న వరసల్లో పొడుం డబ్బీలు తెరుచుకున్నాయి. చంటిబిడ్డలు ఒడులు మారారు. మా వాళ్ళలో ఒక్కరికైనా ఏదో తేడా జరుగుతోందని తోచలేదు. తిరుపతివాళ్ళకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. మైకు కుర్రవాడు పరిగెత్తుకొచ్చి మైకును తట్టాడు. తీర్పు చెప్పేవాళ్ళలో ఒకాయన కరెంటు పోయిందేమోనని ఫ్యాను చూశాడు. ముందు వరసలో ఒకావిడ, మరిచిపోయినట్టుండారు పాపం అని కళ్ళొత్తుకుంది. అంత నిశ్శబ్దంలో మా ఊరి పెద్దలు హాయిగా, ఒకరి తర్వాత ఒకరు, తుమ్మారు.

రైలు పోయేంతసేపు అయ్యాక, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే, అందరం పై షడ్జమం అందుకున్నాం. పాట ముగించి దండం పెట్టాం. అప్పుడు చూశాను అయివారిని. మేము ఆగినప్పుడే మీటడం మరిచిపోయిన తంబురా పట్టుకొని పక్కనే కూర్చున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతమందిలో జరిగిందేమిటో తెలిసింది ఆయనొక్కరికే.

పెద్దాయన వేలు చూపించి నన్ను ముందుకు పిలిచారు. అందరికన్నా చివర కూర్చున్నది నేనే.

“ఆ తావ ఎందుకు నిలబడిపోతిరి పాపా?”

“రైలు పోతా ఉండాది కదా తాతా.”

“యాడ?”

“మా ఊర్లో.”

హాలంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. అంతసేపు ఊరకుండి మళ్ళీ శ్రుతి ఎట్ల పట్టుకున్నారని అడిగారు. అది యాడికి పోతాది తాతా, ఆడనే ఉంటాది కదా అన్నాను. నాకు తెలిసింది అదే.

గెలిచింది పట్టు పావడాలవాళ్ళు. తిరుగు రైల్లో ఎవరూ పులిహోర మూటలు విప్పలేదు. సైకిలు మామ, ఇంకో ఏడు సూసుకుందాములేప్పా అని ఓదార్చబోతే, అయివారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: “నేను పిల్లోళ్ళకి పాట నేర్పలేదప్పా. రైలు నేర్పినాను.”

మరునాడు సభకు తాళం పడింది. తాళంచెవి స్టేషను మాస్టరుకు ఇచ్చేసి, ఇక నావల్ల కాదు, ఎక్కాలు చెప్పుకుంటానని అయివారు ఇంటికి పోయారు. ఎవరు బతిమాలినా వినలేదు. మాకు మొదట సంబరంగానే ఉండింది, సాయంత్రాలన్నీ ఆటలే. శనివారం వచ్చేసరికి గుగ్గిళ్ళు గుర్తొచ్చాయి. ఆ తర్వాత అన్నీ గుర్తొచ్చాయి. సాయంత్రం గంట మోగితే ఊళ్ళో ఎవరికీ చేతులాడేవి కావు. అవ్వ చేతిలో గరిటె ఆగిపోయేది. సైకిలు మామ గాలి కొడుతూ కొడుతూ పంపు వదిలేసి పట్టాల వైపు చూసేవాడు. రైలు పోయాక ఎత్తుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఎక్కడివాళ్ళం అక్కడ కాసేపు ఉత్తినే నిలబడి, మళ్ళీ పనిలో పడేవాళ్ళం. అయివారి ఇంటి తలుపు మాత్రం ఆ వేళకు మూసే ఉండేది.

కొన్ని వారాల తర్వాత పెద్దాయన శిష్యుడొకడు మా స్టేషనులో దిగి అయివారి ఇల్లు అడిగాడు. వచ్చే శనివారం పెద్దాయన వస్తారట. పాడతారట కూడా. ఆ పిల్లలు పాట నేర్చుకున్న తావు ఒకసారి చూడాలని ఉండాదన్నారట. అయివారు ముందు నమ్మలేదు, ఎవరో ఎగతాళికి పంపారనుకున్నారు. నమ్మాక అరుగు మీద కూలబడ్డారు.

ఇక చూడాలి ఊరి హడావుడి. ఆడవాళ్ళు నేల కడిగారు. నీళ్ళు పడితే ఎండిన బెల్లమంతా లేచి ఇంకా జిగటైంది. వేదిక చుట్టూ చీమలు రాకుండా పసుపు గీత గీశారు. చీమలు దాన్ని ముగ్గనుకున్నట్టున్నాయి, గీత వెంబడే బారులు తీరాయి. అన్నిటికన్నా పెద్ద నిర్ణయం స్టేషను మాస్టరు తీసుకున్నాడు. అంతటి మహానుభావుడు పాడుతుంటే రైలా? కచేరీ అయ్యేదాకా సిగ్నలు ఇవ్వకుండా ప్యాసింజరును ఊరి బయట ఔటరులో ఆపేస్తానని రహస్యంగా చెప్పాడు. మా ఊళ్ళో రహస్యమంటే ఒక్కరికి తప్ప అందరికీ తెలిసిన సంగతి. ఆ ఒక్కరూ అయివారు. తెలిస్తే ఒప్పుకోరని.

పెద్దాయన చేతిసంచి ఒకటి పట్టుకొని, మధ్యాహ్నం రైల్లో మామూలు మనిషిలా దిగారు. సభలోకి వచ్చి గట్టిగా వాసన పీల్చి, కడుపు నిండిపోయింది కదప్పా అన్నారు. అయివారు ఆయన వెనక తంబురా పట్టుకొని కూర్చున్నారు. కళ్ళెత్తి చూడలేదు. పెద్దాయన పాడటం మొదలుపెట్టారు. ఆ పాట ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. అవ్వ రెండో పాటకే ఇంకో కొబ్బరికాయ కొట్టమంది. అంతకన్నా చెప్పలేను. ఒక చీమ ఆయన మెడ మీదికి పాకడం మేమంతా చూశాం. ఆయన దాన్ని మెల్లగా వేలితో తీసి పక్కన వదిలి, పాట పాటగానే పాడారు.

అంతలో గంట మోగింది.

స్టేషను మాస్టరు నెత్తి కొట్టుకున్నాడు. సిగ్నలు సంగతి అందరికీ చెప్పాడు గానీ, గంట కొట్టొద్దని పోర్టరుకు చెప్పడం మరిచిపోయాడు. పెద్దాయనకు ఈ గంట సంగతి శిష్యుడు ముందే చెప్పినట్టున్నాడు. పాడుతున్నదాన్ని చప్పున ముగించి, ముందు వరసలో ఉన్న మా వైపు చూసి నవ్వి, కల్యాణిలో మా కీర్తనే ఎత్తుకున్నారు. పల్లవి. అనుపల్లవి. చరణం. రెండో పాదం చివర ఆగి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

రైలు రాలేదు. దూరంగా ఔటరులోంచి ఒక కూత వినబడింది. కాసేపాగి ఇంకొకటి, కోపంగా. పెద్దాయన కదల్లేదు. అయివారి ఎడమ అరచెయ్యి అలవాటు ప్రకారం దానంతటదే పైకి లేచింది, అలాగే ఉండిపోయింది. ఆ వేళకు సభలో అంత నిశ్శబ్దం మేమెన్నడూ ఎరగం. తంబురా ఒక్కటే వినబడుతోంది. పొడుం పీల్చేసిన పెద్దవాళ్ళు తుమ్మలేక, ఆపుకోలేక ఎర్రబడి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నా నోట్లో చెనక్కాయ నమలడానికి లేదు, మింగడానికి లేదు. అందరూ స్టేషను మాస్టరును చూశారు. ఆయన పైకప్పును చూశాడు.

ఈలోగా కిటికీల నిండా కొత్త మొహాలు. నిలబడిపోయిన రైలు దిగి, ఎందుకు ఆగిందో చూద్దామని, పట్టాల వెంబడి నడుచుకుంటూ వచ్చిన ప్రయాణికులు. తిరుచానూరుకు పూలు తీసుకుపోయే ఒక పూలమ్మి గంపతో సహా లోపలికే వచ్చి ఆడవాళ్ళ పక్కన కూర్చుంది.

చివరికి నోరు విప్పింది మా అవ్వే.

“అది రాదు సామీ. మీరు పాడతా ఉంటే అడ్డం వస్తాదని మా టేసను మాస్టరు దాన్ని ఔటర్లో ఎనుమును కట్టేసినట్ల కట్టేసి పెట్టినాడు.”

పెద్దాయన స్టేషను మాస్టరు వైపు తిరిగారు.

“ఈ పిల్లోళ్ళు పాడితే దినమూ వస్తా ఉండాది కదప్పా. నేను పాడితే ఎందుకు రాకూడదు? నేనేమి తప్పు చేసినాను? ఇడిసిపెట్టు దాన్ని. అది పోయినాకనే మిగిలింది పాడతాను.”

ఆమా ఆమా అంటూ స్టేషను మాస్టరు పంచె ఎగ్గట్టి స్టేషను వైపు పరుగు. కిటికీలకు వేలాడుతున్నవాళ్ళు, అయ్యో మన రైలు, అంటూ ఔటరు వైపు పరుగు. పూలమ్మి మాత్రం లేవలేదు. పూలు రేపు కూడా పూస్తాయిలే అంది. లేవడానికి ఆమె చీర కూడా అప్పటికే చాపకు అంటుకొని ఉండవచ్చు.

రైలు వచ్చింది. గోడలు కదిలాయి, చాపలు కదిలాయి, మా పళ్ళు కదిలాయి. ఆపుకున్న తుమ్ములన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. పొగ వచ్చి పెద్దాయన తెల్ల పంచె మీద మసి చల్లింది. పరిగెత్తి ఎక్కినవాళ్ళు కిటికీల్లోంచి ఒగరుస్తూ చేతులూపారు. ఆయన కళ్ళు పెద్దవి చేసుకొని, తిరునాళ్ళకు వచ్చిన పిల్లవాడిలా ఆ పెట్టెలన్నీ చూస్తూ కూర్చున్నారు. చివరి పెట్టె పోయింది. గార్డు జెండా ఊపాడు.

అందరం ఆయన నోటి వైపు చూశాం. ఆయన నోరు తెరవలేదు. కిటికీ వైపు నుంచి తిరిగి, వెనక కూర్చున్న మా అయివారి చేతి వైపు చూస్తున్నారు. ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. దించాలని అయివారికి గుర్తు లేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి తంబురా మీద ఉంది. పెద్దాయన తొందరపెట్టలేదు. శ్రుతి లోపల పట్టుకొని, మేము కూర్చునే తీరుగానే, కూర్చున్నారు.

అయివారు ఆయన మొహం చూశారు. అప్పటికి అర్థమైంది. మెల్లగా చెయ్యి దించారు.

పెద్దాయన పై షడ్జమం అందుకున్నారు.

ఆ రోజు గుగ్గిళ్ళలో అలసందలు వెతుక్కోవాల్సి వచ్చింది, అంతా కొబ్బరే. సోమవారం సాయంత్రం సభ తలుపులు తెరిచి ఉన్నాయి. మేము పోయి కూర్చుంటే, ఏమీ జరగనట్టు, పోయిన పాఠం ఎంతవరకు అయిందని అడిగారు అయివారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు చిన్న గేజి తీసి పెద్ద పట్టాలు వేసేటప్పుడు గోడౌనును కొట్టేశారు. అయివారు అప్పటికే పోయారు, సైకిలు మామ కూడా. పెద్ద పెద్ద హాళ్ళలో చాలా పాటలు విన్నాను, కొన్ని పాడాను కూడా. అయివారి పేరు ఎక్కడ చెప్పినా ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పని లేదనుకుంటారు. నాకు దాని మీద కోపం వస్తుంది. అంత పెద్ద విద్వాంసుడు, నాలుక చివర ఉన్న స్వరాన్ని పట్టుకొని, మా అయివారు చెయ్యి దించేదాకా పాడకుండా కూర్చున్నారు. నేను ముందు వరసలో ఉన్నాను, కళ్ళారా చూశాను.